కేబులాయన తెచ్చిన ఇంటర్నెట్

మన దేశంలో ఇంటర్నెట్ చరిత్ర ఎవరు రాసినా దాదాపు ఒకే వరస. 1995లో వీఎస్ఎన్ఎల్, 1998లో ప్రైవేటు కంపెనీలు, 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్, 2016లో జియో. వరస తప్పు కాదు. కాకపోతే ఈ వరస పట్టుకుని మా జఫర్‌గఢ్ లాంటి ఊళ్ళో ఇళ్ళలోకి వెళ్ళి గోడ మీది డబ్బా చూస్తే లెక్క కుదరదు. ఆ డబ్బా బిగించినాయన, దానికి వైరు లాగినాయన, నెలనెలా డబ్బులు తీసుకునేటాయన పై వరసలో ఎక్కడా లేడు. ఆయన ఒకప్పుడు టీవీ కేబుల్ నడిపిన మనిషి. మావైపు ఇప్పటికీ "కేబులాయన" అనే అంటారు.

జఫర్‌గఢ్ తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. జఫరుద్దౌలా పేరుతో కొండమీద ఓ పాత కోట ఉన్న మండల కేంద్రం. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు జనగామ జిల్లా. నేను చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు. "ఈ వైరు మా ఇంటిదాకా అసలు ఎట్లా వచ్చింది?" అని వెనక్కి వెతుక్కుంటూ పోతే దొరికిన కథ ఇది. కొంచెం పొడుగైంది, ఓపికపట్టండి.

ఒకే నెలలో రెండు తీగలు

1995 ఆగస్టు అంటే తెలుగువాళ్ళకి వైస్రాయ్ హోటలే గుర్తొస్తుంది. ఆ గొడవలో మరుగున పడిపోయిన సంగతులు రెండున్నాయి. ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ వాళ్ళు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసుల్లో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆగస్టు 27న ఈటీవీ ప్రసారాలు మొదలయ్యాయి. జెమిని టీవీ అంతకు కొన్ని నెలల ముందే వచ్చింది. కేబుల్ టీవీ చట్టం కూడా ఆ ఏడాదిదే.

మొదటిదాని సంగతి చూడండి. 9.6 కేబీపీఎస్ డయలప్, 250 గంటలకి 5,000 రూపాయలు. ఇవాళ ఫోనుతో తీసిన 3 ఎంబీ ఫోటో ఒక్కటి ఆ స్పీడులో దిగాలంటే 40 నిమిషాలు పైనే పడుతుంది. అదీ ఆ నగరాల్లో ఫోన్ కనెక్షన్ ఉన్నవాళ్ళకి, జేబులో డబ్బులున్నవాళ్ళకి.

రెండోదానికి కావలసినవి: ఒక డిష్, నాలుగైదు రిసీవర్లు, నల్ల వైరు చుట్టలు, అక్కడక్కడా యాంప్లిఫయర్లు. హెడ్ పోస్టాఫీసులో ఫారం ఇచ్చి రిజిస్టర్ చేయించుకుంటే పని నడిచేది. పెద్ద చదువు అక్కర్లేదు, పెద్ద పెట్టుబడీ అక్కర్లేదు. టీవీలు బాగుచేసేవాళ్ళు, వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాళ్ళు కేబులాయనలైపోయారు. తెలుగు చానెళ్ళు చూడ్డానికి జనం ఎగబడ్డారు. కొద్ది ఏళ్ళలోనే సర్కారు నయాపైసా ఖర్చు లేకుండా చిన్న చిన్న టౌన్లలో, పెద్ద ఊళ్ళలో ఇంటింటికీ ఒక తీగ చేరింది.

ఇదేదో నేను ఇవాళ కూర్చుని కనిపెట్టింది కాదు. మద్రాసు ఐఐటీ ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా ఎప్పుడో ఈ మాట చెప్పారు. టెలిఫోన్ డిపార్టుమెంటు చేయలేని పని కేబుల్ ఆపరేటరు ఎందుకు చేయగలిగాడు అని అడిగి, ఆయనే జవాబూ ఇచ్చారు: ఆ మనిషి మీ వీధిలోనే ఉంటాడు, ఆదివారం సాయంత్రం టీవీ రాకపోయినా వచ్చి చూస్తాడు, ఎందుకంటే రాకపోతే పొద్దున మీ ముఖం చూడాలి. నా దృష్టిలో ఈ కథకి తాళం చెవి ఇదే. మిగతాదంతా ఆ వీధి మనిషికి ఇంటర్నెట్ అనే సరుకు చేరడానికి ఎందుకు 20 ఏళ్ళు పైన పట్టిందన్నదే.

ఒక్క రూపాయి లైసెన్సు

1998 నవంబరులో కేంద్రం ఐఎస్‌పీ విధానం ప్రకటించింది. ఇంటర్నెట్ అమ్మడానికి ప్రైవేటు వాళ్ళకి దారి తెరిచింది. లైసెన్సులు మూడు రకాలు. 'ఎ' అంటే దేశమంతా. 'బి' అంటే ఒక టెలికాం సర్కిల్, లేదా హైదరాబాదులాంటి పెద్ద నగరం. 'సి' అంటే ఒక సెకండరీ స్విచింగ్ ఏరియా, మన భాషలో చెప్పాలంటే దాదాపు ఒక జిల్లా, అంటే వరంగల్ లాంటిది. లైసెన్సు ఫీజు మొదటి ఐదేళ్ళు లేదు, ఆపైన ఏడాదికి ఒక్క రూపాయి. బ్యాంకు గ్యారంటీ 'ఎ'కి 2 కోట్లు, 'బి'కి 20 లక్షలు, 'సి'కి 3 లక్షలు.

కాగితం మీద చూస్తే అద్భుతంగా ఉంది కదా? 3 లక్షల గ్యారంటీ ఉంటే వరంగల్ జిల్లాకి ఎవరైనా ఇంటర్నెట్ కంపెనీ పెట్టుకోవచ్చు. దేశంలో వందల లైసెన్సులు ఇచ్చారు కూడా. హైదరాబాదు నుంచి నెట్‌లింక్స్, సదరన్ ఆన్‌లైన్ లాంటివి వచ్చాయి. కానీ ఆ లైసెన్సుల్లో చాలావాటికి చెప్పుకోదగ్గ కస్టమర్లు ఎప్పుడూ రాలేదు, కొన్నైతే పని మొదలే పెట్టలేదు.

కారణం సింపుల్. లైసెన్సు చవక, సరుకు ఖరీదు. ఇంటర్నెట్ మీ జిల్లాలో పండదు. సముద్రం అడుగునుంచి బొంబాయికో మద్రాసుకో వచ్చింది అక్కణ్ణించి మీ ఊరిదాకా మోసుకురావాలి. మోసే తీగ టెలిఫోన్ డిపార్టుమెంటుది (2000 అక్టోబర్ 1 నుంచి బీఎస్ఎన్ఎల్‌ది). దాని అద్దె కట్టాలి. కస్టమరు డయల్ చేసేది కూడా ఆ డిపార్టుమెంటు ఫోను లైను మీదే. పైగా అదే డిపార్టుమెంటు మీకు పోటీగా ఇంటర్నెట్ అమ్ముతుంది! మీ దుకాణానికి సరుకు తెచ్చే బండి, మీ దుకాణం ముందున్న రోడ్డు, ఎదురుగా ఉన్న దుకాణం, మూడూ ఒకరివే అయితే వ్యాపారం ఎట్లా సాగుతుంది?

అందుకే ఆ రోజుల్లో చిన్న ఐఎస్‌పీలకి అన్నం పెట్టింది ఇళ్ళు కాదు, ఇంటర్నెట్ కేఫ్‌లు. ఒక కనెక్షన్ని పది కంప్యూటర్లకి పంచి గంటల లెక్కన అమ్మేవాళ్ళు. ఎంసెట్, ఇంటర్ ఫలితాలొచ్చిన రోజు కేఫ్ ముందు జనం, ప్రింటవుట్‌కి డబ్బులు. 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతి ఇచ్చారు. దాంతో అమెరికాలో కొడుకున్న తల్లిదండ్రులు, గల్ఫ్‌లో మొగుడున్న ఆడవాళ్ళు కూడా కేఫ్ మెట్లెక్కారు. నేనెరిగినంతలో, చిన్న ఐఎస్‌పీలు అమ్మిన మొట్టమొదటి "కొత్త సర్వీసు" అదే.

ఎక్స్‌ఛేంజికి ఎంత దూరం?

2004 అక్టోబరులో బ్రాడ్‌బ్యాండ్ విధానం వచ్చింది. 256 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండే అని నిర్వచించారు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలైంది. నెలకి ఇన్ని ఎంబీలని లెక్క, రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా మాత్రం లెక్కలేదు. అలారం పెట్టుకుని రెండింటికి లేచి డౌన్‌లోడ్ పెట్టి పడుకున్న తరం ఒకటుంది. మా అన్నల తరం అది.

డేటావన్ రాగి తీగ మీద నడిచేది. దానికో ప్రకృతి ధర్మం ఉంది. ఎక్స్‌ఛేంజి నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు దాటితే స్పీడు పడిపోతుంది, ఇంకా దూరమైతే లైను నిలబడటమే కష్టం. మండల కేంద్రంలో ఎక్స్‌ఛేంజి పక్కన ఇల్లుంటే సరే. చుట్టుపక్కల ఊళ్ళు, తండాలు? వాళ్ళకి రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ ఎప్పటికీ రాదు. అది ఎవరి అసమర్థతా కాదు, భౌతికశాస్త్రం.

ఝున్‌ఝున్‌వాలా గారి బృందం ఈ దూరాన్ని రేడియోతో దాటాలని చూసింది. వాళ్ళు తయారుచేసిన కార్‌డెక్ట్ ఒక టవరు చుట్టూ సుమారు 25 కిలోమీటర్ల మేర 35 లేక 70 కేబీపీఎస్ ఇచ్చేది. ఎన్‌లాగ్ అనే కంపెనీ పెట్టి, ప్రతి ప్రాంతానికీ ఒక స్థానిక భాగస్వామిని, ప్రతి ఊరికీ ఒక కియాస్క్‌ని అనుకున్నారు. కేబులాయన నమూనానే! కానీ ఊళ్ళో ఆ స్పీడుతో అమ్మడానికి తగినంత సరుకు లేక అది అనుకున్నంతగా నిలబడలేదు. మనిషి సరైనవాడే, తీగ సరిపోలేదు.

డాబా మీది డబ్బా

ఈలోగా హైదరాబాదులో వేరే కథ నడుస్తోంది. కేబులాయనలు డాబాల మీద ప్లాస్టిక్ డబ్బాల్లో ఈథర్నెట్ స్విచ్‌లు పెట్టి, ఒక డాబా నుంచి ఇంకో డాబాకి వైర్లు లాగి వీధినంతా ఒక ఆఫీసు నెట్‌వర్కులాగా కలిపేశారు. వెనకనుంచి సరుకిచ్చేది ఎవరో ఒక లైసెన్సున్న కంపెనీ. హైదరాబాదులో బీమ్ టెలికాం ఇట్లాగే ఇంటింటి పేరైంది, తర్వాత దాన్ని బెంగుళూరు ఏసీటీ కొనేసింది.

దీంతో చిక్కేమిటంటే, ఈథర్నెట్ వైరు 100 మీటర్ల కంటే ఎక్కువ పోదు. ప్రతి వంద మీటర్లకీ ఒక స్విచ్, దానికి కరెంటు. ఏ ఇంటివాళ్ళనో బతిమాలి వాళ్ళ మీటరు నుంచి కరెంటు తీసుకోవడం, బదులుగా వాళ్ళకి నెట్టు ఫ్రీ. పిడుగు పడితే వరసగా పోర్టులన్నీ మాడిపోయేవి. అపార్టుమెంట్లు దగ్గరదగ్గరగా ఉన్న అమీర్‌పేటలో ఇది నడుస్తుంది. ఇళ్ళు దూరదూరంగా ఉండి, కరెంటు వస్తూ పోతూ ఉండే ఊళ్ళో నడవదు.

గాజు తీగ

ఊళ్ళకి దారి తెరిచింది 'పాన్' అనే టెక్నాలజీ, అంటే పాసివ్ ఆప్టికల్ నెట్‌వర్క్. కేబులాయన ఆఫీసులో ఓఎల్‌టీ అనే పెట్టె ఒకటి. దాంట్లోంచి వెంట్రుకంత గాజు తీగ. మధ్యలో స్ప్లిటర్ అని అగ్గిపెట్టెంత వస్తువు, వెలుగుని పాయలుగా చీలుస్తుంది. ఒక పోర్టు మీద 64 ఇళ్ళ దాకా ఇవ్వచ్చు, 20 కిలోమీటర్ల దాకా పోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, దారి మధ్యలో ఎక్కడా కరెంటు అక్కర్లేదు! వంద మీటర్ల సంకెళ్ళు తెగిపోయాయి.

ఇంకో విశేషం. ఇంటర్నెట్ 1490, 1310 నానోమీటర్ల వెలుగు మీద నడిస్తే, టీవీ 1550 మీద నడుస్తుంది. ఒకే తీగలో రెండూ ఒకదాన్నొకటి తగలకుండా పోతాయి. కేబులాయనకి ఇంతకంటే ఏం కావాలి?

సరిగ్గా అప్పుడే ఆయన్ని రెండు వైపులనుంచి తోశారు. కేబుల్ డిజిటల్ చెయ్యాలన్న ఆఖరి గడువు పల్లెలకి 2017 మార్చి 31. పెద్ద ఆపరేటరు దగ్గర్నుంచి డిజిటల్ సిగ్నల్ తెచ్చుకోవాలి, సొంత డిష్‌తో నడిచే రోజులు పోయాయి. చాలా చోట్ల ఆ సిగ్నల్ కోసమే ఫైబర్ లాగారు. తర్వాత 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త రేట్లు వచ్చాయి. నెట్‌వర్క్ చార్జీ 130 రూపాయలు, అందులో వేరే ఒప్పందం లేకపోతే వాటా పెద్ద ఆపరేటరుకి 55, కేబులాయనకి 45. మరోవైపు ఫోన్లలో యూట్యూబు. టీవీ మీద బతుకు కష్టమైంది. ఫైబర్ ఎలాగూ ఉంది, ఓఎల్‌టీలు చవకయ్యాయి. అట్లా టీవీ కేబులాయన ఇంటర్నెట్ కేబులాయన అయ్యాడు. తిండి కోసం చేసిన పని అది, డిజిటల్ విప్లవం అని దానికి పేరు పెట్టింది మనం :)

దీని విలువ పెద్దవాళ్ళకి బాగా తెలుసు. 2018 అక్టోబరులో రిలయన్స్ వాళ్ళు హాత్‌వే, డెన్ కేబుల్ కంపెనీల్లో మెజారిటీ వాటా కొంటున్నట్టు ప్రకటించారు. దేశంలో అందరికంటే డబ్బున్న కంపెనీకి కూడా ఇంటి గడప దాటడానికి వేలమంది కేబులాయనలు కావలసి వచ్చారు.

మెసేజీల్లో చరిత్ర

చరిత్రకారులకి శాసనాలున్నట్టు ఈ కథకీ శాసనాలున్నాయి. కేబులాయన కస్టమర్లకి పంపే ప్రకటనలే అవి. మొదట్లో లోకల్ చానెల్లో సినిమా కింద పరిగెత్తే అక్షరాలు: చందా కట్టనివారికి కనెక్షన్ తీసేయబడును. తర్వాత ఎస్ఎమ్ఎస్‌లు: సెట్‌టాప్ బాక్సు తీసుకోండి, ఆధార్ జిరాక్సు తీసుకురండి. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపు: 40 ఎంబీపీఎస్ ప్లాన్ వచ్చింది, ఆర్నెల్లకి ఒకేసారి కడితే ఒక నెల ఫ్రీ, మోడెం డిపాజిట్ ఇంత.

కొత్త ప్లాన్ల కంటే అంతరాయం మెసేజీలే ఎక్కువ చెప్తాయి నన్నడిగితే. రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీ ఫైబర్ తెంపింది. వరికోత మిషను తగిలి తీగ తెగింది. కోతులు కొరికాయి (నవ్వకండి, 2015లో కాశీ ఘాట్ల దగ్గర కోతులు ఫైబర్ కొరికేస్తున్నాయని ప్రపంచమంతా వార్త వచ్చింది). గాలివానకి స్తంభం పడింది. ఒక ఊళ్ళో అభివృద్ధి ఎటునుంచి ఎటు పోతోందో ఈ మెసేజీలు వరసగా చదివితే తెలిసిపోతుంది. తెగిన గాజు తీగని ట్విస్ట్ చేసి టేపు వేస్తే అతుక్కోదు. స్ప్లైసింగ్ మెషిన్ పెట్టి కరిగించి అతకాలి. ఆ పని రాత్రి పదకొండింటికి టార్చిలైటు వెలుగులో చేసే కుర్రాళ్ళు మావైపు ఉన్నారు. వాళ్ళలో ఎవరికీ ఇంజనీరింగు డిగ్రీ లేదు.

2020 లాక్‌డౌన్‌లో ఈ గ్రూపు ఊపిరైంది. హైదరాబాదు, బెంగుళూరు నుంచి నాలాంటి వాళ్ళంతా లాప్‌టాప్‌తో ఊళ్ళకొచ్చి పడ్డాం. సెప్టెంబర్ 1 నుంచి సర్కారు బళ్ళ పిల్లలకి టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. అంటే పాఠమూ కేబులాయన తీగే, ఉద్యోగమూ కేబులాయన తీగే. "అన్నా, నెట్ వస్తలేదు, మీటింగు ఉంది" అంటే పావుగంటలో బండి మీద వచ్చేవాడు. కస్టమర్ కేర్‌లో 1 నొక్కి, 3 నొక్కి, పాట విని, ఎక్కడో ఉన్న మనిషికి జఫర్‌గఢ్ స్పెల్లింగు చెప్పుకునే పని లేదు.

అంతా బంగారం కాదు. చాలా చోట్ల ఒక గల్లీ ఒకాయనదే, ఇంకొకరు అడుగుపెట్టరు. రసీదులుండవు. 100 ఎంబీపీఎస్ అని అమ్మినా సాయంత్రం అందరూ కూర్చునేసరికి అది ఎక్కడికో పోతుంది, ఎందుకంటే వెనక వచ్చే పెద్ద పైపు కొన్నది తక్కువ, పంచింది ఎక్కువ. యూట్యూబు బాగానే వచ్చి ఆఫీసు వీపీఎన్ మాత్రం మొరాయించే వింత కూడా ఇందుకే. యూట్యూబు వీడియోల నకళ్ళు పెద్ద ఐఎస్‌పీల దగ్గరే సర్వర్లలో ఉంటాయి, మీ ఆఫీసు ఉండదు. పైగా ఐపీ అడ్రసులు తక్కువై ఒక్కదాన్నే బోలెడు ఇళ్ళకి పంచుతారు, అది కొన్ని వీపీఎన్‌లకి గిట్టదు.

సర్కారు ఫైబర్లు

మరి ప్రభుత్వాలు ఊరుకున్నాయా? లేదు. 2011 అక్టోబరులో పంచాయతీలన్నిటికీ ఫైబర్ వేసే పథకానికి కేంద్రం ఒప్పుకుంది. మొదట ప్రయత్నించిన మూడు బ్లాకుల్లో ఒకటి విశాఖ జిల్లా పరవాడ. 2015లో దాని పేరు భారత్‌నెట్ అయింది. ఫైబర్ పంచాయతీ ఆఫీసుదాకా వచ్చి ఆగిపోయిన ఊళ్ళు ఎన్నో. ఆఫీసుకి తాళం, లోపల పెట్టెకి దుమ్ము. అక్కణ్ణించి ఇళ్ళకి ఎవరు లాగాలి, చెడిపోతే ఎవరు రావాలి అన్నది పథకంలో బలహీనమైన భాగం.

ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో కొంచెం తెలివిగా వెళ్ళింది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, ఇంటి కనెక్షన్లు కేబులాయనలకే అప్పజెప్పింది. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించినప్పుడు 149 రూపాయలకి ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్నారు. తర్వాత ఆ ధర నిలబడలేదు, రాజకీయాల్లోనూ నలిగింది. కానీ చివరి వంద మీటర్లు ఎవరు చెయ్యాలన్న ప్రశ్నకి సరైన జవాబు రాసింది.

తెలంగాణ మిషన్ భగీరథ నీళ్ళ పైపులతోపాటే ఫైబర్ గొట్టాలు వేసింది. ఒకసారి తవ్విన కందకంలో రెండు పనులు, మంచి ఆలోచన. 2017లో మహేశ్వరం మండలంలో నమూనా చూపించారు. 2024 డిసెంబర్ 8న హాజీపల్లి, మద్దూరు, సంగుపేట, అడవి శ్రీరాంపూర్‌లలో పైలట్‌గా టీఫైబర్ మొదలైంది. 2017లోనే హైదరాబాదులో ఏసీటీ వాళ్ళు 1 జీబీపీఎస్ అమ్మారు. నగరానికీ ఊరికీ మధ్య ఎడం ఎన్నేళ్ళో మీరే లెక్కేసుకోండి.

స్తంభం ఎవరిది?

2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు చనిపోయారు. దాని తర్వాత విద్యుత్ సంస్థవాళ్ళు నగరంలో స్తంభాల మీది కేబుళ్ళు పెద్ద ఎత్తున కోసేశారు. వేల ఇళ్ళకి నెట్టు పోయింది, విషయం హైకోర్టుదాకా వెళ్ళింది. స్తంభాల మీద ఉరితాళ్ళలా వేలాడే వైర్లు ప్రమాదమే, అందులో సందేహం లేదు. ప్రాణం కంటే ఇంటర్నెట్ గొప్పది కాదు. కానీ కోత వల్ల ఒక నిజం బయటపడింది. ఇన్నేళ్ళూ ఈ తీగలన్నీ ఎవరో చూసీచూడనట్టు ఊరుకున్నందువల్ల నిలబడ్డాయి. చట్టంలో కేబులాయనకి స్తంభం మీద గట్టి చోటు లేదు.

పెద్ద కంపెనీలకి ఈ బాధ తగ్గుతోంది. 2023 సెప్టెంబరులో జియో ఎయిర్‌ఫైబర్ హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల్లో మొదలైంది. స్తంభమే అక్కర్లేదు, టవరు నుంచి గాలిలో వస్తుంది. రేపు కేబులాయన తీగలు కోసేస్తే ఆ ఖాళీలోకి వచ్చేది అదే. నెట్టు వస్తుంది, కాదనను. పోయేది, రాత్రి పదకొండింటికి ఫోనెత్తే మనిషి. 1995లో అతన్ని నిలబెట్టిన గుణం ఏమిటో, ఇవాళ పోగొట్టుకోబోయేదీ అదే.

30 ఏళ్ళ కథలో నాకు కనిపించిన పాఠం ఒక్కటే. లైసెన్సు రూపాయికి ఇచ్చినప్పుడు ఇంటర్నెట్ ఊరికి రాలేదు. పంచాయతీ ఆఫీసుకి ఫైబర్ వేసినప్పుడూ రాలేదు. సరుకు తెచ్చే దారి, ఇంట్లోకి తెచ్చే మనిషి, రెండూ కలిసిన చోటే వచ్చింది. సర్కారు చేతిలో ఇప్పుడు టీఫైబర్ రూపంలో దారి ఉంది. దాన్ని అందరికీ ఒకే బహిరంగ రేటుకి చిన్న ఆపరేటర్లకి అమ్మితే, స్తంభానికి ఇంత అని ఒక న్యాయమైన అద్దె కట్టించుకుని, వైరు ఎంత ఎత్తులో ఎట్లా కట్టాలో నియమం పెట్టి, పాటించనివాడికి జరిమానా వేస్తే సరిపోతుంది. ఇవేవీ రాకెట్ సైన్సు కాదు. ఎవరిది ఏ తీగో గుర్తుపట్టేలా ట్యాగు కట్టించడం మొదటి మెట్టు.

ఆ లోపల మీ ఊరి కేబులాయన మెసేజీలుంటే డిలీట్ చెయ్యకండి. మన ఊళ్ళ ఇంటర్నెట్ చరిత్ర ప్రస్తుతానికి ఇంకెక్కడా రాసిలేదు.